మంచం పక్కన రెండో సిలిండర్

నా ఎడమ చెవిలో ఐదు నెలలుగా ఈల మోగుతోంది. అన్నం తింటున్నా, పడుకున్నా, ఎదుటి మనిషి చావు కబురు చెబుతున్నా అది దాని పని చేసుకుంటూ పోతుంది. చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి అలవాటు చేసుకోమన్నాడు. ఎడమ కాలు ఉంది గానీ మోకాలు మడవదు. ఇంత జరిగినా ప్రాణాలతో బయటపడ్డావు కదా, దేవుడు చల్లగా చూశాడు అనేవాళ్ళు రోజుకొకరైనా తగులుతారు. వాళ్ళకు జవాబు చెప్పే ఓపిక ఇప్పుడిప్పుడే వచ్చింది. అందుకే రాస్తున్నాను.

నా పేరు గంగులప్ప. మాది పుంగనూరు. బావుల్లో పడిపోయిన మోటార్లను నీళ్ళలో దిగి బయటికి తీయడం నా పని. సోమల నుంచి, రామసముద్రం నుంచి రైతులు ఫోన్ చేస్తారు. ఎవరైనా బావిలో దూకితే పోలీసులు ఫోన్ చేస్తారు. వయసులో ఉన్నప్పుడు మద్రాసు హార్బరులో డైవర్ల దగ్గర ఆరేళ్ళు పని చేసి, వచ్చేటప్పుడు రెండు పాత అల్యూమినియం సిలిండర్లు కొనుక్కొచ్చుకున్నాను. వీపుకు కట్టుకుని నీళ్ళలో దిగేవి. అందరూ వాటిని ఆక్సిజన్ సిలిండర్లు అంటారు. కాదు, అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే. కాకపోతే లారీ టైరులో ఉండే గాలి కంటే ఇరవై రెట్లు ఎక్కువగా కుక్కి ఉంటుంది.

ఆ గాలి పట్టేవాడు కుప్పంలో మునిరత్నం. గ్రానైట్ క్వారీల్లో కంప్రెషర్ మెకానిక్‌గా చేసి, తర్వాత సొంతంగా ఒక చిన్న షెడ్డు వేసుకున్నాడు. పద్నాలుగేళ్ళు నేను పీల్చిన గాలి అతను పట్టిందే. నీళ్ళ అడుగున నా ఊపిరి అతని చేతిలో ఉండేది. అలాంటి మనిషికి నేనేం చేశానో కూడా ఇందులోనే రాస్తాను.

దసరా, కుప్పం

ఆయుధపూజకు మా వైపు పనిముట్లన్నీ కడిగి, రంగులు వేసి, గంధం కుంకుమ పెట్టి వరసగా నిలబెడతాం. పోయిన దసరాకు నా సిలిండర్లు చూస్తే నాకే సిగ్గేసింది. రంగు లేచిపోయి, గీతలు పడి, పాత సామాన్ల కొట్లో తూకానికి వేసేవాటిలా ఉన్నాయి. మదనపల్లిలో గేట్లకు, కిటికీ గ్రిల్లులకు పౌడర్ కోటింగ్ చేసే షాపు ఒకటి ఉంది. బ్రష్షుతో వేసే రంగు కాదు. పొడి చల్లి, పెద్ద ఓవెన్‌లో పెట్టి కాలుస్తారు. ఆ రంగు నీళ్ళకు పోదు, రాయి తగిలినా లేవదు. రెండు సిలిండర్లూ అక్కడ ఇచ్చి పసుపు రంగు వేయించాను. తెచ్చి ఇంట్లో పెడితే నా భార్య రెడ్డెమ్మ చీర కొంగుతో తుడిచి, "కొత్త పెళ్ళికూతుర్ల మాదిరి ఉండాయి" అంది.

రంగు వేయించడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది తర్వాత రాస్తాను, ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

విజయదశమి మరుసటి రోజు కుప్పం దగ్గర ఒక క్వారీ గుంతలో మునిగిన పంపు తీయాల్సి ఉంది. దారిలో మునిరత్నం షెడ్డు దగ్గర ట్రాలీ ఆటో ఆపాను. గాలి పట్టేటప్పుడు సిలిండర్‌ను నీళ్ళ తొట్టిలో నిలబెట్టడం అతని అలవాటు. వేడెక్కకుండా ఉంటుంది, ఏదైనా అయితే నీళ్ళు, సిమెంటు గోడ కొంత ఆపుతాయి. ఆ రోజు తొట్టి నిండా నీళ్ళు పట్టి సిద్ధంగా ఉంచాడు. నేనే అడ్డం పడ్డాను.

"తొట్లో వొద్దప్పా. నిన్న పెట్టిన కుంకుమ, ఒక పూటకే కరిగిపోతాది" అన్నాను.

అతను సిలిండర్ మెడ దగ్గర బొటనవేలితో ఒకసారి తడిమాడు. నా ముఖం చూశాడు. "సరేలే, నీ ఇష్టం" అన్నాడు.

మొదటిది నిండింది. దాన్ని మోసుకుపోయి ఆటోలో పెట్టి వచ్చాను. రెండోదానికి గాలి పడుతుంటే గుమ్మంలో నిలబడి క్వారీ మేస్త్రీతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. పేలిన చప్పుడు నాకు గుర్తు లేదు. ఎంత అడిగినా గుర్తు రాదు. పడి ఉన్నచోట నుంచి చూస్తే షెడ్డు రేకులు లేవు, ఆకాశం కనిపిస్తోంది. పూజలో పెట్టిన నిమ్మకాయ ఒకటి నా మొహం పక్కన చెక్కు చెదరకుండా ఉంది. కాలు ఎటు తిరిగి ఉందో చూసి మళ్ళీ అటు చూడలేదు.

కుప్పంలో ఆసుపత్రిలో మూడో రోజు కానిస్టేబుల్ కాగితం పట్టుకుని వచ్చాడు. అతను రాకముందే నా బావమరిది సిద్దప్ప చెవిలో చెప్పి ఉన్నాడు. కుడి చెవిలో, ఎందుకంటే ఎడమది అప్పటికే పోయింది.

"బావా, గాలి ఎక్కువ పట్టినాడని చెప్పు. గేజీ సూసుకోలేదని చెప్పు. లేకుంటే కేసు నీ మెడకు సుట్టుకుంటాది."

మత్తులో చెప్పానని ఇప్పుడు అనొచ్చు. అది అబద్ధం. తెలివిలో ఉండే చెప్పాను, నిజంగానే అలా అనుకున్నాను కూడా. ఆ కోపంలో ఎవరో ఒకరు కావాలి, మునిరత్నం చేతికి దొరికాడు. మునిరత్నం గేజీ చూసుకోలేదు అని రాయించి సంతకం పెట్టాను. అతను అదే ఆసుపత్రిలో కింది అంతస్తులో కంటికి కట్టు కట్టుకుని పడుకుని ఉన్నాడని నాకు తెలుసు. కుడి కన్ను పోయిందని ఆ సాయంత్రమే నర్సులు మాట్లాడుకుంటుంటే విన్నాను. సంతకం పెట్టిన చేత్తోనే అన్నం తిన్నాను.

పోలీసులు షెడ్డులో ముక్కలు ఏరుకుని, తలుపుకు తాళం వేసి పోయారు. బయట ఆటోలో ఉన్న నిండు సిలిండర్‌ను ఎవరూ పట్టించుకోలేదు. సిద్దప్ప ఆటోను పుంగనూరుకు తోలుకుపోయి, సిలిండర్ దించి, ముందు గదిలో నా మంచం పక్కన భద్రంగా నిలబెట్టాడు. ఆ రోజు నుంచి దాదాపు నాలుగు నెలలు అది అక్కడే ఉంది. దానికి కూడా అదే రంగు, అదే ఓవెన్. చదివేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. మాకు ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

కార్తీకం, మదనపల్లి

కాలికి చీము పట్టింది. మదనపల్లిలో ఎముకల డాక్టరు మంచివాడని అక్కడికి మార్చారు. ఆయన దాచుకోకుండా చెప్పాడు. "నాలుగు రోజులు చూస్తాను. తగ్గకపోతే మోకాలి కింద తీసేయక తప్పదు. కాలు కోసం ప్రాణం పోగొట్టుకోకూడదు."

ఆ నాలుగు రోజులు పదహారు రోజులైంది. ప్రతి పొద్దున డ్రెస్సింగ్ గది ముందు స్ట్రెచర్ మీద వరసలో ఉండాలి. టోకెన్లు పిలిచే మనిషి గొంతు ఆ చెవిలో ఈల వల్ల నాకు సగమే వినపడేది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా కట్టు విప్పాక డాక్టరు ముఖం ఎలా ఉంటుందో అని అటే చూసేవాణ్ణి. ఆయన కాలు తీసే మాట ఎత్తకుండా "రేపు చూద్దాం" అంటే అదే ఆ రోజుకు పండగ. పక్కన కురబలకోట నుంచి వచ్చిన గొర్రెల కాపరి ఒకాయన తన చెయ్యి కోసం వరసలో ఉండేవాడు. నా పాదం ఇనప రాడ్ మీద ఒరుసుకోవడం చూసి, భుజం మీది కంబళి తీసి మడిచి కింద పెట్టాడు. పేరు కూడా అడగలేదు. పోయేటప్పుడు కంబళి తీసుకోలేదు. ఆ కాలంలో నా గురించి ఏమీ అడగకుండా మేలు చేసింది ఆయన ఒక్కడే.

మిగిలినవాళ్ళంతా అడిగేవాళ్ళే. పరామర్శకు వచ్చి, యాపిల్స్ కవరు రెడ్డెమ్మ చేతిలో పెట్టి, కుర్చీ లాక్కుని మొదలుపెట్టేవాళ్ళు. ఏ కంపెనీ గ్యాస్ అన్నా? వంటింట్లోనా? గ్యాస్ కాదు గాలి అంటే, గాలికి కూడా పేలుతుందా అని నన్ను అబద్ధాలకోరును చూసినట్టు చూసేవాళ్ళు. దిష్టి తగిలిందన్నారు. పసుపు రంగు నాకు అచ్చిరాదని ఒకాయన పంచాంగం చూసి మరీ చెప్పాడు. రంగు వల్లే అని చెప్పినవాడు ఆయన ఒక్కడే, తెలియక చెప్పాడు.

ఒక రోజు డ్రెస్సింగ్‌లో కాలి కండలోంచి చిన్న పెళ్ళ ఒకటి బయటికి వచ్చింది. గోరంత ఉంది, సిలిండర్ మీది పసుపు రంగు. నర్సు కడిగి, సీసా మూతలో పెట్టి చూపించి, "ఇంతకాలం ఇది లోపలే ఉండిందన్నా, ఇంక తగ్గుతాది సూడు" అంది. దాన్ని జేబులో వేసుకున్నాను. ఆ తర్వాత నిజంగానే తగ్గింది. కాలు నిలిచింది.

ఆ వారమే మునిరత్నం భార్య సెల్వి వచ్చింది. కుప్పం నుంచి పొద్దున్నే బస్సెక్కి, స్టీలు క్యారియర్‌లో సంగటి, ఉలవచారు పెట్టుకుని వచ్చింది. రెడ్డెమ్మ ఆమెను వార్డు గుమ్మం దగ్గరే ఆపేసింది.

"నీ మొగుడు చేసిన పనికి ఇంగా ఏం సూడనీకి వచ్చినావు?" అంది.

సెల్వి గొడవ పెట్టుకోలేదు. "ఆయనే పంపించినాడక్కా. గంగులప్పకు ఉలవచారంటే ఇష్టం అని చెప్పినాడు" అంది.

నేను గోడ వైపు తిరిగి నిద్రపోతున్నట్టు పడుకున్నాను. ఆమె మధ్యాహ్నం దాకా బయట బెంచీ మీద కూర్చుని, క్యారియర్ కాపలాదారుకు ఇచ్చి వెళ్ళిపోయింది. ఆ తిండి రెడ్డెమ్మ ముట్టలేదు, నాకు పెట్టలేదు. పక్క మంచం వాళ్ళు తిన్నారు. వార్డంతా ఉలవచారు వాసన వచ్చింది. నాకు ఆకలిగా ఉండిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున రెడ్డెమ్మ బాగున్న కాలికి నూనె రాస్తూ ఉన్నట్టుండి ఏడ్చింది. "ఇన్నేండ్లు నువ్వు నీళ్ళల్లో ఉన్నప్పుడంతా భయపడి సచ్చినా. గట్టున నిలబడుకోని ఇట్ల అయితివే" అంది. నర్సును పిలవమని ఆమె మీదే విసుక్కున్నాను.

ధనుర్మాసం, పుంగనూరు

ఇంటికి వచ్చాను. కాలికి ఇనప చట్రం, చంకల్లో కర్రలు. మంచం పక్కన సిలిండర్ ఎంత అందివచ్చిందో చెప్పలేను. లేవాలంటే ఎడమ చెయ్యి దాని భుజం మీద ఆనించి, కుడి చేత్తో కర్ర పట్టుకుని లేచేవాణ్ణి. రాత్రిపూట మందుల డబ్బా దాని పక్కన, చేతి కర్ర దానికి ఆనించి. రెడ్డెమ్మకు అది పేలని సిలిండర్, అంటే మమ్మల్ని కాపాడిన సిలిండర్. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు, కుంకుమ, ఒక మందారం. ధనుర్మాసంలో రోజూ పొద్దున సాంబ్రాణి వేసి, నిప్పులున్న ధూపం గిన్నె దాని పాదాల దగ్గరే పెట్టేది. నేను మంచం మీద పడుకుని ఆ పొగ పీలుస్తూ, ఇల్లంటే ఇది అనుకునేవాణ్ణి.

ఆ రోజుల్లో నా పని మునిరత్నాన్ని తిట్టుకోవడమే. వచ్చినవాళ్ళందరి దగ్గరా తిట్టేవాణ్ణి. సిద్దప్ప వంత పాడేవాడు. కాలు సలిపినప్పుడు తిడితే కొంచెం హాయిగా ఉండేది, మాత్ర కంటే త్వరగా పని చేసేది.

మాఘం

పేలుడు కేసులు చూసే ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. నెమ్మదైన మనిషి. కుర్చీలో కూర్చుని, చేతిలోని ఫైలు కింద పెట్టడం ఇష్టం లేక సిలిండర్ నెత్తి మీద ఆనించుకున్నాడు. రెడ్డెమ్మ టీ ఇచ్చింది. ఆయన ముక్కల ఫొటోలు చూపించాడు.

"గాలి మామూలు కంటే ఎక్కువ పట్టినట్టు ఆధారం ఏమీ లేదు. గేజీ ముల్లు దొరికింది, సరైన చోటనే ఆగి ఉంది. సరేగానీ, ఈ రంగు ఎవరు వేశారు?"

గర్వంగానే చెప్పాను. "మదనపల్లిలో వేయించినాను సార్. మామూలు పెయింటు కాదు, ఓవెన్‌లో పెట్టి కాలుస్తారు. రెండు వందల డిగ్రీలు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "కాల్చారా?"

"అవును సార్."

"అల్యూమినియం సిలిండర్‌కు బలం ఇచ్చేదే ఫ్యాక్టరీలో లెక్క ప్రకారం చేసే వేడి. మళ్ళీ అంత వేడి తగిలితే ఆ సత్తువ పోతుంది. పైకి కొత్తదానిలా ఉంటుంది, లోపల మెత్తబడిపోతుంది. మెడ దగ్గర సన్నని పగుళ్ళు ఉంటే వాటినీ ఆ రంగే కప్పేస్తుంది." ఆయన ఫొటోలు ఫైల్లో సర్దుకుంటూ అడిగాడు. "మీ దగ్గర రెండు ఉండేవని రాసి ఉంది. రెండోది ఎక్కడుంది?"

నేను ఆయన మోచేతి వైపు చూపించాను.

ఆయన ఫైలు తీయడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. పసిబిడ్డ మీది దుప్పటి తీసినంత నెమ్మదిగా తీశాడు. "ఖాళీదేనా?" అన్నాడు. నిండుది అన్నాను. అందరినీ బయటికి నడవమన్నాడు, గొంతు పెంచకుండానే. రెడ్డెమ్మ పొయ్యి మీది పాలు దించకుండా వచ్చేసింది, ఆయనే లోపలికి పోయి పొయ్యి ఆర్పి వచ్చాడు. నన్ను సిద్దప్ప ఎత్తుకుని ఎదురింటి అరుగు మీద కూర్చోబెట్టి, తను వీధి చివరి దాకా పోయి నిలబడ్డాడు.

బయటికి వచ్చాక ఆఫీసరు ఇంకో ప్రశ్న అడిగాడు. "సిలిండర్‌కు ఐదేళ్ళకోసారి టెస్టు చేయించి మెడ మీద తేదీ కొట్టించాలి. చివరి తేదీ ఏది?"

గుర్తు లేదు సార్ అన్నాను.

ఇందాక దాటేసిన మాట ఇదే. తేదీ నాకు బాగా గుర్తుంది. రెండింటికీ గడువు దాటి చాలా కాలమైంది. అంతకు ముందు వేసవిలో మద్రాసులో ఒకచోట గాలి పట్టమంటే తేదీ చూసి పట్టం అన్నారు. మునిరత్నం కూడా, టెస్టు చేయించకపోతే ఇంక పట్టనప్పా అని రెండుసార్లు అన్నాడు. మందంగా కాల్చిన రంగు పడితే ఆ అంకెలు కనపడవని నాకు తెలుసు. పూజ పూజే, నిజంగానే భక్తితో చేశాను. కానీ షాపువాడు మెడ మీద నంబర్లు ఉన్నాయి, వదిలేయనా అని అడిగితే, వదలొద్దు, అంతా వెయ్యి అని చెప్పింది నేనే.

ఆఫీసు మనుషులు రావాలంటే రెండు రోజులు పడుతుందన్నారు. వీధిలో పిల్లలు ఆడుకుంటారు, ఎండ కిటికీలోంచి నేరుగా దాని మీదే పడుతుంది. "దగ్గర్లో దీన్ని ఖాళీ చేయడం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని ఆఫీసరు అడిగాడు. వాల్వు కొంచెం కొంచెంగా తిప్పి గాలి వదలడం నాకు రాని పని కాదు. వేలసార్లు చేశాను. ఆ రోజు మాత్రం దాని దగ్గరికి పోయే ధైర్యం నాకు లేదు. ఒక పేరు చెప్పాను. ఆయన ఫైలు తెరిచి, నా సంతకం ఉన్న కాగితం చూసి, నా వైపు చూశాడు.

ఫోన్ చేసింది రెడ్డెమ్మ. సెల్వికి చేసింది. ఏం మాట్లాడిందో నాకు వినపడలేదు. మధ్యాహ్నం బస్సుకు ఇద్దరూ దిగారు.

మునిరత్నం నల్లద్దాలు పెట్టుకున్నాడు. కుడి వైపు ఏదైనా ఉంటే తెలియక, మా వీధి మలుపులో కరెంటు స్తంభానికి భుజం తగిలింది. నన్ను చూసి తల ఊపాడు, అంతే. ఆఫీసరు చెప్పింది విన్నాడు. తడి గోనెసంచులు అడిగి తీసుకుని లోపలికి పోయాడు. కిటికీలోంచి చూస్తే, సిలిండర్‌కు సంచులు చుట్టి, రెడ్డెమ్మ పెట్టిన మందారాన్ని తీసి కిటికీలో పెట్టి, ఎడమ కన్ను దగ్గరగా ఆనించి వాల్వు వెతుక్కుంటున్నాడు. కొంచెం తిప్పి, బయటికి వచ్చి, నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. కుడి చెవి వైపు కూర్చున్నాడు. ఎడమది పోయిందని ఎవరు చెప్పారో మరి.

"శానా సేపు పడతాది. తొందరపడితే కుదరదు" అన్నాడు.

ఆడవాళ్ళిద్దరూ పక్కింట్లోకి పోయారు. ఆసుపత్రిలో మిగిలిపోయిన సెల్వి స్టీలు క్యారియర్‌ను రెడ్డెమ్మ అప్పుడే తోమి, మా ఇంట్లో ఉంచక అక్కడే దాచి ఉంది. ఇంట్లోకి పోయే వీలు లేక, పక్కింటి పొయ్యి మీదే సెల్వి కోసం వండి అందులో సర్దింది. గుమ్మం దగ్గర అన్న మాట ఎలా వెనక్కి తీసుకుందో నాకు తెలియదు. ఏదో ఒకలా తీసుకుంది. ఆమె నా కంటే ధైర్యస్తురాలు.

మునిరత్నం తడి చేతులు తుడుచుకుని నోరు తెరిచాడు. "ఆ పొద్దు నేను తడిమి సూసినానప్పా. నంబర్లు చేతికి తగల్లా. రంగు గీకి సూద్దామనుకున్యా. పూజ చేసి, గంధం పెట్టి తెచ్చినావు. దాన్ని గీకనీకి చెయ్యి రాలేదు. నువ్వు టెస్టు చేయించుకోనే వచ్చింటావులే అనుకున్యా. అడిగింటే పోయేది. నా తప్పు కూడా ఉండాది."

నా తప్పు కూడా అన్నాడు. ఆ కూడా అన్న మాటలో నాకు చోటు ఇచ్చాడు. జేబులో ఆ పసుపు పెళ్ళ ఉంది, వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాను. తేదీ సంగతి చెప్పాలి. నంబర్ల మీద కూడా వెయ్యమని చెప్పింది నేనేనని చెప్పాలి. కాగితం మీద సంతకం గురించి చెప్పాలి. నోటిదాకా వచ్చింది. గాలి పోవడం అయ్యాక చెబుదాం అనుకున్నాను. చెవిలో ఈల మోగుతూనే ఉంది, ఇంట్లోంచి వచ్చేది ఏదో, నా తలలోది ఏదో తెలియడం లేదు. నీడలు అరుగు దిగి వీధిలోకి వచ్చాయి.

"గాలి ఇంకా వస్తాండాదా?" అని అడిగాను.

"లేదప్పా. అయిపోయి శానా సేపైంది" అన్నాడు మునిరత్నం. "నువ్వేమన్నా చెప్తావేమోనని కూర్చోనుండా."

కుప్పం బస్సుకు టైమవుతోంది అన్నాను. అతను లేచి, లోపలికి పోయి వాల్వు చూసి వచ్చి, సెల్విని పిలుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ సిలిండర్‌ను ఆఫీసువాళ్ళు పరీక్షకు తీసుకుపోయారు. రంగు గీకుతారు. కింద తేదీ బయటపడుతుంది. ఎవరి దగ్గరైనా ఇలాంటి సిలిండర్ ఉంటే, నీళ్ళలో దిగేవాళ్ళదైనా, మంటలార్పేవాళ్ళదైనా, దాని దగ్గరికి నిప్పు తీసుకురావద్దు, ఓవెన్‌లో పెట్టొద్దు, మెడ మీది అంకెల మీద రంగు పడనీయొద్దు. గడువు దాటితే పూజ చేసినా, మొక్కు మొక్కినా అది దాటినట్టే. గాలి పట్టేవాడు పట్టనంటే అతని మీద అలగొద్దు.

ఆఫీసు కాగితం ఇంకా రాలేదు. అది వచ్చేలోగా ఇది కుప్పం చేరాలి. మునిరత్నం ఒక కంటితోనైనా చదువుకోగలడు.